ఫార్మాట్ కొట్టే ముందు

ప్రశ్న: పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసి ఇల్లు గడుపుకుంటున్నాను. రెండేళ్ల కిందట సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్నాం. రైజెన్ 7700 ప్రాసెసర్, 6000 స్పీడు డీడీఆర్5 ర్యామ్. మొన్న మాఘమాసం ముహూర్తాల్లో మొదలైంది, ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోతోంది. ఫోటోషాప్‌లో పని చేస్తుండగా ఒకసారి, ఏ పనీ లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు ఇంకోసారి. ఎర్రర్ కూడా ఒక్కోసారి ఒక్కో రకం. ఇక్కడి సర్వీసు వాళ్లు మూడుసార్లు ఫార్మాట్ కొట్టారు, గ్రాఫిక్స్ కార్డు మార్పించారు. ఇప్పుడు మదర్‌బోర్డు పోయిందంటున్నారు. మార్పించమంటారా? పని ఎక్కువగా ఉందని సంక్రాంతికి ముందు వేరే కంపెనీవి ఇంకో రెండు 16 జీబీ ర్యామ్‌లు కూడా వేయించాను, అయినా గుణం కనిపించలేదు. ఈమధ్య కొన్ని ఫోటోల్లో కింది సగం బూడిదరంగులో వస్తోంది. మానిటర్ లోపమా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: మదర్‌బోర్డు మార్చకండమ్మా. ఈ వారం రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. ఆ సిస్టమ్‌లో కొత్త పని సేవ్ చేయడం మాత్రం ఈ రోజే ఆపేయండి. బూడిదరంగు వచ్చిన ఫోటో ఒకటి ఫోన్‌లోకి పంపుకుని చూడండి. అక్కడా సగం బూడిదగానే ఉంటే మానిటర్‌కి ఏ లోపమూ లేదు, ఫైలే చెడిపోయింది. జేపెగ్ ఫోటోలో ఒక్క బిట్ తారుమారైనా ఆ తర్వాతి భాగమంతా పాడైపోవచ్చు. మీకు ఫోటోలు ఇచ్చిన ఫోటోగ్రాఫర్లకి ఇప్పుడే ఫోన్ చేసి, కెమెరా కార్డులు ఖాళీ చేయవద్దని చెప్పండి. ఈ సిస్టమ్ నుంచి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించిన కాపీలను కూడా తెరిచి చూసే వరకు నమ్మకండి. నా అనుమానం ర్యామ్ మీద. తప్పులు చేసే ర్యామ్ మీదుగా వెళ్లిన ఫైలు పాడైన రూపంలోనే భద్రంగా సేవ్ అవుతుంది, కంప్యూటర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు. సిస్టమ్ ఆగిపోవడం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ సంగతే. ఒకరి పెళ్లి మళ్లీ జరగదు కదా.

ఇక అసలు విషయం. సంక్రాంతికి ముందు కొత్త ర్యామ్‌లు వేయించారు, మాఘంలో జబ్బు మొదలైంది. ఈ రెండూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి, కానీ ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో. మధ్యలో మూడు ఫార్మాట్లూ ఒక గ్రాఫిక్స్ కార్డూ నడిచిపోయాయి. సర్వీసు వాళ్లలో ఒక్కరైనా 'ఇది మొదలయ్యే ముందు ఏం మార్చారు?' అని అడిగి ఉంటే మీ డబ్బు మిగిలేది.

మీ ప్రాసెసర్‌కి ఏఎండీ ఇచ్చిన లెక్క ఇది: రెండు ర్యామ్‌లు వేస్తే 5200 స్పీడు, నాలుగు వేస్తే 3600. డబ్బా మీద 6000 అని రాసి ఉందే, అది బయోస్‌లో ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు వచ్చే ఓవర్‌క్లాక్ స్పీడు. రెండు ర్యామ్‌లతో చాలా సిస్టమ్‌లు దాన్ని హాయిగా మోస్తాయి. నాలుగింటితో, అందులోనూ రెండు కంపెనీల సరుకు కలిపి, అదే స్పీడులో నడపడం ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కి తలకి మించిన భారం. అప్పుడది పూర్తిగా చేతులెత్తేయదు, లక్షల పనులు సరిగా చేసి ఎక్కడో ఒకటి తప్పుతుంది. ఆ తప్పు విండోస్ వాడుకునే చోట పడితే నీలి తెర, ఫోటోషాప్ వాడుకునే చోట పడితే ఫోటోషాప్ మూసుకుపోవడం, ఫోటో మీద పడితే బూడిదరంగు. ఎర్రర్ ఒక్కోసారి ఒక్కో రకంగా రావడం కూడా అందుకే. ఒకే డ్రైవర్ చెడితే దాదాపు ఎప్పుడూ అదే పేరు కనిపిస్తుంది. 'డీడీఆర్5లో తప్పులు దిద్దే ఏర్పాటు ఉంది కదా' అని దుకాణంలో అనవచ్చు. ఉంది, కానీ అది చిప్ లోపల పుట్టిన తప్పులకే. చిప్ నుంచి ప్రాసెసర్‌కి వచ్చే దారిలో పుట్టిన తప్పును అది చూడలేదు.

చేయాల్సింది చెప్తాను. కరెంటు ప్లగ్ తీసేసి, కొత్త ర్యామ్‌లు రెండూ బయటికి తీయండి. పాతవి రెండింటినీ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో ఉంచండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాల పాటు నల్లగానే ఉండవచ్చు. బోర్డు ర్యామ్‌తో సర్దుబాటు చేసుకుంటున్న సమయం అది, కంగారుపడి స్విచ్ ఆపకండి. తర్వాత మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి, దానితో మీ సిస్టమ్ బూట్ చేసి రాత్రంతా నడవనివ్వండి. తెల్లారేసరికి ఒక్క ఎర్రర్ కూడా ఉండకూడదు. 'ఒకటే కదా వచ్చింది' అనుకునే పరీక్ష కాదిది. ఎర్రర్ వస్తే బయోస్‌లో ఎక్స్‌పో ఆపి మళ్లీ నడపండి. అయినా వస్తే ఒక్కో ర్యామ్‌ని విడిగా, అదే స్లాటులో పెట్టి చూడండి. ఎర్రర్లు ఒక ర్యామ్‌తోనే వస్తుంటే తప్పు దానిది. రెండింటితోనూ వస్తే అప్పుడు స్లాటునీ బోర్డునీ ప్రాసెసర్‌నీ అనుమానించాలి, అంతకుముందు కాదు. పాత రెండూ శుభ్రంగా తేలి, మీకు నిజంగా 64 జీబీ కావాలంటే ఈ నాలుగూ అమ్మేసి, ఒకే ప్యాకెట్‌లో వచ్చే రెండు 32 జీబీ ర్యామ్‌ల జత కొనండి.

ఇవన్నీ ఒకేరోజు చేయకండి. నాలుగు మందులు ఒకేపూట మింగితే ఏది పనిచేసిందో వైద్యుడికి కూడా తెలియదు. ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, సమయం, అప్పుడు ఏం చేస్తున్నారు, తెర మీద ఏం పడింది, ఆ రోజు ఏం మార్చారు, ఈ అయిదే రాయండి. మార్పు ఒకసారికి ఒక్కటే. నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం ఇలాంటి నోటుబుక్కు ఉంటే రాయాల్సిన అవసరమే ఉండేది కాదు, ఈ మాట నేను ఎన్నేళ్లైనా చెప్తూనే ఉంటాను. పాత తేదీలు గుర్తులేకపోతే స్టార్ట్ మెనూలో 'రిలయబిలిటీ' అని వెతకండి. ఏ రోజు ఏది ఆగిపోయిందో, ఏ రోజు ఏ డ్రైవర్ ఎక్కిందో విండోస్ ఒక పట్టికగా చూపిస్తుంది. అయితే ఫార్మాట్ కొట్టిన ప్రతిసారీ ఆ పట్టిక తుడిచిపెట్టుకుపోతుంది. మీ సిస్టమ్ దగ్గరున్న సాక్ష్యాన్ని మూడుసార్లు చెరిపేశారు, దానికి మీ దగ్గరే డబ్బు తీసుకున్నారు. నా కోపమంతా అందుకే.

ప్రశ్న: ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' అని కనిపిస్తోంది. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదు, సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ లేచిందని మాత్రమే దాని అర్థం, మీరు పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపినా అదే పడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్‌లో చేరాడని రెండేళ్ల కిందట 14వ తరం కోర్ ఐ9తో ఖరీదైన సిస్టమ్ కట్టించాను. వాడు ఆటలకు మరిగాడు. ఇప్పుడు ఆట మొదలుపెట్టగానే మూసుకుపోతోందని, 12 జీబీ కార్డు ఉండగా వీడియో మెమరీ చాలలేదని వస్తోందని అంటున్నాడు. ఈమధ్య పెద్ద జిప్ ఫైళ్లు కూడా తెరుచుకోవడం లేదు. ఆడి ఆడి పాడుచేశాడని నా నమ్మకం. గ్రాఫిక్స్ కార్డు తీయించేద్దామనుకుంటున్నాను.
– ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, ముందు ఆ అబ్బాయిని తిట్టడం ఆపండి. ఆడినంత మాత్రాన మంచి సిస్టమ్ పాడవదు. ప్రాసెసర్‌నీ గ్రాఫిక్స్ కార్డునీ ర్యామ్‌నీ ఎస్‌ఎంపీఎస్‌నీ ఒకేసారి గట్టిగా పనిచేయించే పరీక్ష ఆట. దాచి ఉన్న లోపం అక్కడ ముందు బయటపడుతుంది, అంతే. మీవాడు ఎర్రర్‌లోని మాటలు సరిగ్గా చదివి చెప్పాడు, జిప్ ఫైళ్ల సంగతి గమనించాడు. ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నిటిలో ఇదే మంచి సాక్ష్యం.

ఆట మొదలయ్యేటప్పుడు షేడర్లను సిద్ధం చేయడం, కుదించిన డేటాను విప్పడం ప్రాసెసర్ పని. అక్కడ ప్రాసెసర్ లెక్క తప్పితే, నింద వీడియో మెమరీ మీదికి పోయే ఆటలు చాలా ఉన్నాయి. జిప్ తెరవడం కూడా అలాంటి లెక్కే. మీ ప్రాసెసర్ ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలోది. అవసరానికి మించిన వోల్టేజీ వెళ్లడం వల్ల వాటిలో కొన్ని లోపల దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ తానే ఒప్పుకుంది. ఆ ఏడాది ఆగస్టులో, సెప్టెంబరులో బయోస్ ద్వారా ఎక్కించుకునే సవరణలు విడుదల చేసింది, 2025లో ఇంకొకటి వచ్చింది. ఈ సవరణలు ఇకమీద దెబ్బ తగలకుండా కాపాడతాయి. ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయలేవు. 'బయోస్ అప్‌డేట్ చేశాం, అయిపోయింది' అని ఎవరన్నా సర్దుకుపోకండి.

కరెంటు పోదని నమ్మకం ఉన్న వేళ, మదర్‌బోర్డు కంపెనీ సైటులోని తాజా బయోస్ ఎక్కించండి. తర్వాత ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగులు పెట్టి, ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ ఓవర్‌క్లాక్ సెట్టింగు ఆపి ఆడించి చూడండి. ఇంకా ఆగిపోతుంటే బయోస్‌లో పెర్ఫార్మెన్స్ కోర్ రేషియో రెండు మూడు మెట్లు తగ్గించమని అబ్బాయికి చెప్పండి. అప్పుడు కుదురుకుంటే తప్పు ప్రాసెసర్‌దేనని దాదాపు తేలినట్టే. తగ్గించి వాడుకుంటూ కాలం గడపకండి, మార్పించుకోండి. ఈ చిప్‌లకు వారంటీని ఇంటెల్ మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది, మీకింకా చాలా గడువు ఉంది. ప్రాసెసర్ సీలు డబ్బాలో వచ్చి ఉంటే నేరుగా ఇంటెల్‌కే రాయవచ్చు. డబ్బా లేకుండా ట్రే సరుకు ఇచ్చి ఉంటే అమ్మిన దుకాణమే బాధ్యత తీసుకోవాలి. బిల్లు వెతికి పెట్టుకోండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్నచోటే ఉండనివ్వండి, పిల్లవాడిని ఆడుకోనివ్వండి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకుంటుంది, ఫ్యాన్లు ఆగవు. కంప్యూటర్ మాత్రం ఒక్కోసారి రీస్టార్ట్ అవుతుంది, ఒక్కోసారి అవదు. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. 600 వీఏ యూపీఎస్ కొంటే సరిపోతుందా? గ్రాఫిక్స్ కార్డు కొత్తది, పెద్దది.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: జివ్వుమంటోందన్నారే, ముందు దాని సంగతి. మీ ఇంట్లో ఎర్తింగ్ లేదు, లేదా మీరు రెండు పిన్నుల అడాప్టర్‌తో నడిపిస్తున్నారు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కొద్దిపాటి కరెంటును ఎర్త్‌లోకి పంపేలా కట్టి ఉంటుంది. ఎర్త్ లేకపోతే అది క్యాబినెట్ ఇనుము మీదే నిలుస్తుంది, మీటరు పెడితే వంద వోల్టుల పైన కూడా చూపవచ్చు. ఆ ఇనుముకే మీ మదర్‌బోర్డు బిగించి ఉంది, దానికి మానిటర్ కేబులూ స్పీకర్ తీగలూ తగిలించి ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ని పిలిచి సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ కొలిపించండి, రెండు మూడు వోల్టులు మించకూడదు. వేలకు వేలు పోసి కార్డు కొని, ఎర్త్ గుంత మీద వందలు మిగుల్చుకోవడం నేను ఒప్పుకోలేను. ఇందులో ప్రాణం సంగతి కూడా ఉంది.

రీస్టార్ట్ సంగతికి వస్తే, సరఫరా ఆగినా ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్నదానితో 16 మిల్లీసెకన్లో ఎంతో నెట్టుకొస్తుంది. లోడ్ పెరిగేకొద్దీ ఆ వ్యవధి తగ్గుతుంది. ఇన్వర్టర్ అంతలో అందుకుంటే బతుకుతుంది, లేకపోతే పడిపోతుంది. మీకు ఒక్కోసారి ఒక్కోలా జరిగేది అందుకే. చాలా ఇన్వర్టర్లకు వెనకాల యూపీఎస్ మోడ్, నార్మల్ లేదా ఎకో మోడ్ అని స్విచ్ ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, మారే వేగం పెరుగుతుంది. వోల్టేజీ హెచ్చుతగ్గులున్న చోట బ్యాటరీ మీదికి కొంచెం ఎక్కువసార్లు వెళ్తుంది, ఫరవాలేదు. మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే మాత్రం ఆశ వదులుకోండి, ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు దానితో సరిపడవు.

600 వీఏ యూపీఎస్ కొనకండి. అది మోసేది మామూలుగా 360 వాట్లు. పెద్ద కార్డు ఆటలో ఉండగా కరెంటు పోతే యూపీఎస్సే ముందు పడిపోతుంది. ఇంకొకటి, ఆ కార్డుకి రెండు 8 పిన్ సాకెట్లుంటే, ఒకే కేబుల్‌కి ఉన్న రెండు కొసలూ గుచ్చకుండా ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు తీసుకోండి. ఎర్తింగ్ చేయించాక కొన్నాళ్లు చూసి, తర్వాతే మిగతావి మార్చండి. అదీ రాసుకుంటూ.

ప్రశ్న: నాది పాత మొదటి తరం రైజెన్. పని చేస్తుంటే బాగుంటుంది, వదిలేసి భోజనానికి వెళ్తే ఆగిపోయి ఉంటుంది.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: బయోస్‌లో 'పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్' అనేదాన్ని 'టిపికల్ కరెంట్ ఐడిల్'కి మార్చి వారం రోజులు చూడండి, మధ్యలో ఇంకేమీ ముట్టుకోకండి.

ప్రశ్న: రైజెన్ 7900 ఎక్స్ రెండరింగ్‌లో 95 డిగ్రీలకు చేరుతోంది. ఆ వేడికే అప్పుడప్పుడు సిస్టమ్ ఆగిపోతోందని స్నేహితులు అంటున్నారు. లిక్విడ్ కూలర్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ చిప్ ఫుల్ లోడ్‌లో 95 వరకు వెళ్లేలానే తయారైంది. అక్కడికి చేరితే వేగం తగ్గించుకుంటుందే తప్ప ఆగిపోదు. కూలర్ కొనకండి. రెండరింగ్ మొదలైన ఎంతసేపటికి ఆగుతోందో, ఊరికే ఉన్నప్పుడు కూడా ఎప్పుడైనా ఆగిందో మీరు రాయలేదు. పది రోజులు గమనించి ఆ వివరాలు పంపండి, తప్పకుండా జవాబిస్తాను.