పిల్లల తలలో పేలు: అపకర్షణమే ముఖ్యం

సీతాఫలపు గింజల ముద్ద తలకు పట్టించగా కళ్ళలోకి జారి, రెప్పలు తెరవలేని స్థితిలో ఒక బాలికను తల్లి నా వద్దకు తీసుకొనివచ్చినది. మంచినీటితో బాగా కడిగించి, వెంటనే నేత్రవైద్యుని వద్దకు పంపించాను. ఆ గింజ పేలను చంపే మాట నిజమే; కంటి నల్లగుడ్డునూ పుండు చేస్తుంది. ఇక కిరసనాయిలు మాట తలపెట్టనే వద్దు.

క్రిమిచికిత్సలో చరకుడు మొట్టమొదట చెప్పినది అపకర్షణం, అనగా ఏరి తీసివేయుట. తలకు కొబ్బరినూనె దండిగా రాసి, పాయలు తీసి, పేలదువ్వెనతో కుదుళ్ళ నుండి కొసల దాకా దువ్వి, ప్రతిసారీ తెల్లగుడ్డకు తుడవవలెను. ఈపులు పొదగడానికి 7 నుండి 10 రోజులు పడుతుంది కనుక, మూడు రోజులకొకసారి చొప్పున రెండు వారాలు మానరాదు. పేను ఎగరదు, దూకదు. చాలావరకు తలకు తల ఆనినప్పుడే పాకుతుంది. అందుచేత ఇంటిల్లిపాది తలలనూ ఒకేనాడు చూడవలెను. బడికి వెళ్ళే ఆడపిల్లకు జడ బిగించి వేయండి.