తంగేడు తేనీరు

ప్రవేశిక

‘పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు’ అన్నది తెలుగువారి సామెత. చేరువనున్న దానిని చులకనగా చూడడం లోకరీతి అని దీని భావం. ఎవరూ నాటకుండానే బంజరు నేలల్లో పెరిగే తంగేడును గూర్చి, దాని పూలతో ఇంటిలోనే పానీయాన్ని సిద్ధం చేసుకొనే తీరును గూర్చి, అందు పాటించవలసిన వివేకాన్ని గూర్చి ఈ వ్యాసం తెలియజేస్తుంది.

పాఠ్యభాగం

వానలు వెనుకపట్టి శరదృతువు ప్రవేశించగానే తెలంగాణ పల్లెలలోని గట్లు, గుట్టలు పసుపు ఆరబోసినట్లు కనిపిస్తాయి. అది తంగేడు పూచిన శోభ. బతుకమ్మను పేర్చేటప్పుడు గునుగు పూలతోపాటు తంగేడు పూలకు ముఖ్యస్థానం ఉంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. దీని బెరడు తోళ్లను పదును చేయడానికి, పుల్లలు పళ్లు తోముకోవడానికి, రొట్ట పొలానికి ఎరువుగా ఉపయోగపడుతూ వచ్చాయి. తమిళులు దీనిని ఆవారం అంటారు. సింహళీయులు రణవర అని పిలిచి, దీని పూలను, ఆకులను ఎండబెట్టి తేనీటివలె సేవిస్తారు.

నిజానికి తేయాకు లేని పానీయాన్ని తేనీరు అనడం వాడుకను బట్టియే. స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం అని ఆయుర్వేదం కషాయాలను ఐదు విధాలుగా విభజించింది. మూలికను నీటిలో మరిగించి నాలుగవ వంతుకు ఇగిరిస్తే అది క్వాథం. చల్లని నీటిలో రాత్రంతా నానబెడితే హిమం. వేడినీటిలో వేసి, కొంతసేపటికి వడగడితే ఫాంటం. నేడు మూలికా తేనీరు అనే పేరుతో మనం తాగుతున్నది చాలావరకు ఈ ఫాంటమే. పూరేకులు సుకుమారమైనవి కనుక వాటికి ఈ పద్ధతియే తగినది.

పూలు కోయడానికి ముందు మొక్కను గుర్తించడం నేర్వాలి. తంగేడు ఆకుకాడ మొదట చెవులవలె వెడల్పైన రెండు చిన్న పత్రాలుంటాయి. దీని శాస్త్రీయ నామంలోని ‘ఆరిక్యులేటా’ అనే మాటకు ‘చెవులు గలది’ అనియే అర్థం. కాయలు పలుచగా, బల్లపరుపుగా ఉంటాయి. కసింద పూలు కూడా పచ్చనివే. కాని దాని ఆకు నలిపితే దుర్గంధం వస్తుంది. చెవులవంటి పత్రాలు కనిపించవు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పసిబిడ్డల మరణాలకు కసింద గింజలు తినడమే కారణమని 2007లో వైద్యులు వెల్లడించారు. పచ్చగన్నేరు కూడా ప్రాణాంతకమే. పూవు రంగు ఒక్కటే చూసి మోసపోరాదు.

మంచు ఆరిన పిదప, ఉదయం వేళ, బాగా విచ్చుకొన్న పూలను మాత్రమే కోయాలి. వాహనాల పొగ సోకే బాటల పక్కన, పురుగుమందులు చల్లిన చేల గట్లపైన కోయరాదు. రేకులను వేరుచేసి, చీమలు, పురుగులు లేకుండా చూసి, కడిగి, పలుచని గుడ్డపై నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేస్తే రంగు, వాసన తగ్గుతాయి. గలగలమనేంతగా ఎండిన రేకులను తడిలేని గాజుసీసాలో భద్రపరచాలి. ఒక చెంచా రేకులపై ఒక కప్పు మరిగిన నీటిని పోసి, ఐదు నిమిషాలు మూతపెట్టి, వడగట్టాలి. మూత లేకపోతే పరిమళం ఆవిరితో పోతుంది. లేత బంగారు వన్నెతో, కొద్దిపాటి వగరుతో పానీయం సిద్ధమవుతుంది. గోరువెచ్చన అయిన తరువాత తేనె కలుపుకోవచ్చు.

తంగేడు మధుమేహానికి మందని తరతరాల నమ్మకం. ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో పూల సారం రక్తంలోని చక్కెరను తగ్గించింది. అంతమాత్రాన వైద్యుడిచ్చిన మందును మానడం అవివేకం. మందుతోపాటు దీనిని తాగితే చక్కెర మితిమీరి పడిపోవచ్చు. ఈ మొక్కలో కాలేయానికి హాని చేయగల ఆల్కలాయిడ్లు ఉన్నట్లు శ్రీలంక పరిశోధకులు 1981లోనే తెలిపారు. కనుక దీనిని అప్పుడప్పుడు ఒక కప్పుకు మించకుండా సేవించాలి. గర్భిణులు, పసిపిల్లలు, కాలేయవ్యాధి గలవారు దీనికి దూరంగా ఉండాలి.

బతుకమ్మకు పూలు తెచ్చే తల్లులు తంగేడును ఏ పుస్తకమూ చూడకుండానే గుర్తిస్తారు. వారి వెంట నడిచి, చెట్టు పేరు అడిగి తెలుసుకొనే పిల్లలు మాత్రం తగ్గిపోతున్నారు. మొక్క ఉచితంగా లభిస్తుంది. దానిని ఎరిగే చూపును మాత్రం పెద్దల నుండి నేర్వవలసిందే. ఆ చూపు లేనివారి చేతిలో మందుమొక్క సైతం విషమయ్యే ప్రమాదముంది.

కఠిన పదాలకు అర్థాలు

లోకరీతి = లోకుల తీరు
స్వరసం = పచ్చి మూలికను దంచి పిండిన రసం
కల్కం = నూరిన ముద్ద
సుకుమారం = మృదువైనది
ప్రాణాంతకం = ప్రాణం తీసేది

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నకు 15 పంక్తులలో సమాధానం వ్రాయండి.
1. తంగేడు తేనీటిని తయారుచేసే విధానాన్ని, అందు పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. క్వాథానికి, ఫాంటానికి గల భేదమేమి?
2. తంగేడును, కసిందను ఎట్లు వేరుగా గుర్తించవచ్చు?

ఇ) సందర్భసహిత వ్యాఖ్య వ్రాయండి.
1. పూవు రంగు ఒక్కటే చూసి మోసపోరాదు.