మా మెట్టు తడవలేదని చెప్పాను, అందులో తప్పేముంది?

సమస్య

అమ్మా, మాది విజయవాడ సింగ్‌నగర్. మా సంఘంలో మంగళవారం స్త్రీల కూడిక నడిపేది నేనే. నా దిగులు నా గురించి కాదు, మాలో ఒక సోదరి గురించి. జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుకునే మనిషి. కూడికలో పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆమే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు వాళ్ల అద్దెయిల్లు మునిగింది. కుట్టుమిషనూ, జనం ఇచ్చిన జాకెట్టు ముక్కలూ, ఫాల్స్ కుట్టమని ఇచ్చిన చీరలూ బురద పాలయ్యాయి. చీరలవాళ్లకు అప్పు చేసి కట్టింది. తేరుకునేలోపే ఆటో తోలే భర్తకు పక్షవాతం.

మేం ఊరుకోలేదమ్మా. బియ్యం, పప్పు, దుప్పట్లు ఇచ్చాం. ఇచ్చేటప్పుడు తీసిన ఫోటో వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాం. నలుగురం వెళ్లి గంటసేపు ప్రార్థన చేసి, ఇది పరీక్ష, విశ్వాసం గట్టిగా ఉంచుకోమని ధైర్యం చెప్పి వచ్చాం. ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచి, వీధి వీధంతా మునిగినా మా మెట్టు తడవకుండా ప్రభువు కాపాడాడని చెబుతుంటే ఆమె మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. తర్వాత రెండుసార్లు వెళ్లాం. లోపల టీవీ మోగుతోంది, తలుపు మాత్రం తీయలేదు. పేరు కొట్టేద్దామంటున్నారు మా సంఘ పెద్ద. ఆమెను విశ్వాసంలో మళ్లీ ఎలా నిలబెట్టాలి?

— ఒక సోదరి, విజయవాడ

సలహా

అమ్మా, ఆమె ఎందుకు రావడం లేదో మీ ఉత్తరంలోనే ఉంది. మీరు రాశారు గాని చూసుకోలేదు.

మీ మెట్టు తడవనందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం తప్పు కాదు. కానీ ఆ మాట ఆమె చెవిన ఎలా పడిందో ఆలోచించండి. మీ మెట్టును కాపాడినవాడు నా మిషన్ని ఎందుకు వదిలేశాడు? ఈ ప్రశ్న ఆమె పైకి అడగలేదు. అడిగితే విశ్వాసం తక్కువంటారని తెలుసు, అంతకుముందే నలుగురు ఇంటికొచ్చి ఆ అర్థం వచ్చేలా చెప్పి వెళ్లారు కదా. అందుకే లేచి వెళ్లిపోయింది. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

మన సంఘాల్లో సాక్ష్యమంటే గెలిచిన సంగతే. జబ్బు తగ్గింది, ఉద్యోగం వచ్చింది, వీసా వచ్చింది. తగ్గని జబ్బుకు మైకు దొరకదు. ప్రార్థనకు జవాబు రానివాళ్లు వారం వారం ఇవన్నీ వింటూ కూర్చుని, లోపం తమలోనే ఉందనుకుంటారు. ఒకరినొకరు బలపరచుకోవడానికి పెట్టుకున్న కార్యక్రమమే ఇలా కొందరిని బయటికి నెడుతోంది. మీ మంగళవారం కూడికలో దీన్ని మార్చడం మీ చేతిలో పనే. ఒకరు లేచి, “అడుగుతున్నాను, ఇంకా ఇవ్వలేదు, కోపంగా కూడా ఉంది” అంటే, వెంటనే వాక్యం చూపించి సర్దిచెప్పకుండా వినండి. కీర్తనల గ్రంథంలో చాలా భాగం అలాంటి గోడే. యోబు స్నేహితులు ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ నోరు మెదపకుండా ఆయనతో నేలమీద కూర్చున్నారు. నోరు తెరిచాకే అంతా చెడింది.

ఇక ఆమె సంగతి. ఈసారి నలుగురు వెళ్లకండి, మీరొక్కరే వెళ్లండి. చేతిలో బైబిలు వద్దు, పళ్ల సంచీ కూడా వద్దు. కుట్టడానికి జాకెట్టు ముక్క, కొలతకు పాత జాకెట్టు పట్టుకెళ్లండి. గుడికి ఎందుకు రావడం లేదని అడగకండి. కుట్టుకూలి ఆమె ఎంత చెబితే అంతే ఇవ్వండి, జాలిపడి పైన వంద కలపకండి. అది ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది. చంక పట్టేస్తే, తెలిసిన మనిషి పని కాబట్టి సర్దుకుందామనుకోకుండా విప్పి కుట్టమనే చెప్పండి. మిషను ఇంకా బాగుపడలేదని తెలిస్తే, దాని సంగతి మీ మగవాళ్లు చూడవచ్చు. ఆమె భర్తను ఫిజియోథెరపీకి ఆటోలోకి ఎక్కించి దించడానికీ ఇద్దరు మనుషులు కావాలి. ఆ వంతులు సంఘ పెద్దలు వేసుకోవచ్చు.

కృష్ణా ప్రాంత సంఘాలవాళ్లకు అజరయ్య గారి పేరు చెప్పక్కర్లేదు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు. తర్వాత మన కృష్ణా ప్రాంతమూ ఆయన అధ్యక్ష మండలంలోకే వచ్చింది. బిషప్ కావడానికి రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, ముప్పై అయిదేళ్ల కుర్రవాడిగా నిలబడి తెల్లదొరల ముఖం మీదే ఒక మాట అన్నారాయన. మీరు ఆస్తులు ఇచ్చారు, ఒళ్లు హూనం చేసుకున్నారు, కానీ మాకు కావలసింది స్నేహితులు అని. సభలో చాలామందికి అది రుచించలేదు. మీరిచ్చిన బియ్యం, దుప్పట్లు ఆమెకు అవసరమే. కానీ ఫోటోతో కలిపి ఇచ్చారు. ఆమె రోజూ చూసే గ్రూపులో, దుప్పటి అందుకుంటూ తలవంచుకున్న ఆమె బొమ్మ ఇంకా ఉంది. ఈ రాత్రికే అది తీసేయించండి.

మరో సంగతి. అపొస్తలుల కార్యముల్లో మార్కు, పౌలు బర్నబాలను దారిలో వదిలేసి వెళ్లిపోయిన మనిషి. మళ్లీ వెంట తీసుకెళ్లనని పౌలు పట్టుబట్టాడు. బర్నబా ఆ కుర్రవాడికి హితబోధ చేసినట్టు ఎక్కడా లేదు. సేవా ప్రయాణానికి వెంట తీసుకెళ్లాడు. చివరికి ఆ మార్కునే వెంటబెట్టుకుని రమ్మని పౌలే కబురు పెట్టాడు. మీ కూడికలో ఆమె పని పాట ఎత్తుకోవడం. ఆమె వచ్చాక చూద్దాంలే అని ఆగకండి. కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు పాత కీర్తనల రాగాలు రావు కదా, వాళ్లలో ఇద్దర్ని సాయంత్రం ఆమె దగ్గరికి నేర్చుకోవడానికి పంపండి. ఇది నాటకమనుకోకండి, నిజంగా మీకు ఆమె కావాలి. మీ ఉత్తరంలో మొదటి వరసల్లోనే ఆ పాట సంగతి రాశారంటే ఆ లోటు మీకూ తెలుస్తోంది.

క్రిస్మస్‌కల్లా వచ్చేస్తుందని లెక్కలు వేసుకోకండి. రాకపోవచ్చు, వేరే సంఘానికి వెళ్లవచ్చు. అయినా జాకెట్లు ఆమె దగ్గరే కుట్టించుకోండి. పేరు కొట్టేసే విషయంలో మాత్రం సంఘ పెద్ద గారికి గట్టిగానే అడ్డు చెప్పండి. సంఘ చందా బాకీ వసూలుకు ఆమె ఇంటికి ఎవరినైనా పంపే ఆలోచన ఉంటే ముందు దాన్ని ఆపించండి.