పసిగుండెకు వాయిదా ఎంతవరకు?



2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు, అత్యవసరం కాని ఆపరేషన్లను ఆసుపత్రులు వాయిదా వేశాయి. పడకలు, సిబ్బంది కోవిడ్ రోగులకు అవసరమయ్యారు గనుక అది అన్యాయమని అనలేము. అయితే పసిగుండె విషయంలో ‘అత్యవసరం కాదు’ అనే మాటకు గడువుంటుంది.

గుండె గదుల మధ్య పెద్ద రంధ్రమున్న బిడ్డ ఈరోజు ఆడుకుంటూ కనిపించవచ్చు. కాని ఆ రంధ్రం గుండా అధికంగా పారే రక్తం ఊపిరితిత్తుల నాళాలను క్రమంగా గట్టిపరుస్తుంది. హద్దు దాటితే రంధ్రం మూయడమే ప్రమాదం. ప్రధాన రక్తనాళాలు తారుమారై పుట్టిన శిశువుకైతే మొదటి కొద్ది వారాలే అదను. (వైరస్ ఆ శిశువును తాకనేలేదు, గమనించండి.)

ఆనాడు ఆగిపోయిన పరీక్షలను ఇప్పుడైనా చేయించండి. పాలు తాగుతూ శిశువు ఆయాసపడినా, పెదవులు నీలంగా మారినా డాక్టరు ఇచ్చిన తేదీ వచ్చేదాకా ఆగకండి.