పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద గాలి గొట్టం: లెక్క ఎక్కడ తప్పుతుంది?

మన ఉపకార వేతనంతో ఆటోమొబైల్ డిప్లొమా, ఇంజనీరింగు చదువుతున్న పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "పోటీ కారుకు టర్బో పెట్టాం. పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద ఎయిర్‌ఫ్లో సెన్సరు వేస్తే సరిపోతుందా సార్?" సరిపోదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి.

1. గాలిని కొలవడం

1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. అందుకే ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు, అంటే ఇ.సి.యు., ముందు గాలి ఎంత వస్తున్నదో తెలుసుకుంటుంది. ఎయిర్‌ఫ్లో సెన్సరులో ఒక సన్నని తీగ ఉంటుంది. దానిని లోపలికి వచ్చే గాలి కంటే నిర్ణీతమైన వేడిలో ఉంచుతారు. గాలి ఎక్కువగా వీస్తే తీగ ఎక్కువగా చల్లబడుతుంది, వేడి నిలపడానికి ఎక్కువ కరెంటు కావాలి. ఆ కరెంటును వోల్టేజిగా మార్చి ఇ.సి.యు.కు పంపుతారు. చాలా కార్లలో ఇది 0 నుంచి 5 వోల్టుల మధ్య ఉంటుంది. 5 వోల్టులు చేరాక ఇంకా గాలి పెరిగినా ఇ.సి.యు.కు ఆ సంగతి తెలియదు. సెన్సరు మార్చవలసి వచ్చేది అప్పుడే.

2. ఇంజెక్టరు లెక్క

4 సిలిండర్ల టర్బో ఇంజన్ నుంచి 200 హార్స్ పవర్ కావాలనుకుందాం. ఇలాంటి ఇంజన్‌కు గంటకు, ఒక్కో హార్స్ పవర్‌కు సుమారు 270 గ్రాముల పెట్రోలు పడుతుంది.

200 × 270 = గంటకు 54,000 గ్రాములు.
4 తో భాగిస్తే ఒక్కో ఇంజెక్టరుకు 13,500 గ్రాములు.
60 తో భాగిస్తే నిమిషానికి 225 గ్రాములు.
పెట్రోలు సాంద్రత 0.74 తో భాగిస్తే సుమారు 304 సి.సి.

ఇంజెక్టరును ఎప్పుడూ పూర్తిగా తెరిచి ఉంచకూడదు. 80 శాతం సమయమే తెరవాలి. కనుక 304 ÷ 0.8 = 380 సి.సి. కారుతో వచ్చినవి 240 సి.సి. ఇంజెక్టర్లయితే అవి ఎంత తెరిచినా చాలవు.

3. అసలు ప్రమాదం

కొందరు మెకానిక్కులు ఒక దగ్గరి దారి చెబుతారు. 60 మిల్లీమీటర్ల గొట్టంలోని సెన్సరు తీగను తీసి 75 మిల్లీమీటర్ల గొట్టంలో పెడతారు. గొట్టం వైశాల్యం 1.56 రెట్లు అవుతుంది. గాలి అంతే వచ్చినా తీగ దగ్గర వేగం తగ్గుతుంది కాబట్టి సెన్సరు 64 శాతమే చూపుతుంది. ఇ.సి.యు. ఇంజెక్టర్లను 64 శాతం సేపే తెరుస్తుంది. ఇంజెక్టర్లు 240 నుంచి 375 సి.సి.కి, అంటే అదే 1.56 రెట్లు పెరిగాయి కాబట్టి పెట్రోలు దాదాపు సరిపోతుంది. చూడడానికి లెక్క కుదిరింది!

కాని స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో కూడా ఇ.సి.యు. ఆ గాలి లెక్కను చూసే నిర్ణయిస్తుంది. గాలి తక్కువ ఉంటే బరువు తక్కువనుకొని స్పార్క్‌ను ముందుకు జరుపుతుంది. లోపల నిజంగా ఉన్నది టర్బో నెట్టిన నిండు గాలి. అప్పుడు పెట్రోలు అదుపు లేకుండా పేలుతుంది. దానినే నాకింగ్ అంటాం. ఇలా నడిపిన ఒక ఇంజన్‌ను నేను విప్పి చూశాను. పిస్టన్ నెత్తిన చిల్లు పడి ఉంది. పెట్రోలు కొలత సరిగానే ఉందని ఆ కారు యజమాని చివరి వరకు వాదించాడు. అతని మాట నిజమే. తప్పింది స్పార్క్.

కనుక భాగాలు మార్చాక సెన్సరు పట్టిక, ఇంజెక్టరు పరిమాణం, అది తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం, ఈ మూడింటినీ ఇ.సి.యు.లో కొత్తగా రాయాలి. ఆ తరువాత డైనమోమీటరు మీద, ఆక్సిజన్ సెన్సరు పెట్టి, కొద్దికొద్దిగా బరువు పెంచుతూ పరీక్షించాలి.

ఈ పని పోటీ మైదానానికే పరిమితం. రిజిస్ట్రేషన్ పుస్తకంలోని వివరాలకు భిన్నంగా కారును మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు.

సాధన: 4 సిలిండర్లు, 160 హార్స్ పవర్ టర్బో ఇంజన్‌కు ఎంత ఇంజెక్టరు కావాలి? మీకు సుమారు 304 సి.సి. రావాలి. రాకపోతే రెండవ భాగం మళ్ళీ చదవండి.