భూమి ఊగినా ఇల్లు నిలబడాలంటే: ఇందిరమ్మ ఇండ్ల లబ్ధిదారులకు

2024 డిసెంబర్ 4 పొద్దున ఏడున్నర కావస్తుండగా మన దగ్గర భూమి కంపించింది. కేంద్రం ములుగు జిల్లాలో, తీవ్రత 5.3. భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామలో కూడా ఇండ్లు ఊగినయి. ప్రాణనష్టం జరగలేదు. గోదావరి లోయకు ఇది కొత్త కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. అందుకే "మేం కట్టుకునే ఇల్లు ఆగుతదా?" అని మీరు అడగడం న్యాయమే.

1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. అక్కడ చాలా ఇండ్లకు మట్టితో పేర్చిన రాతిగోడలు, పైన బరువైన మట్టి మిద్దె. గోడకూ గోడకూ పట్టు లేదు. ఊపుకు గోడలు విడిపోయి మిద్దె నిద్రపోతున్నవాళ్ల మీద పడింది.

మీ ఇంటికి ఆ పట్టు ఇచ్చేది బెల్టు. కిటికీ, తలుపు మీద ముక్క లెంటల్ పోసి ఆపేయడం మన దగ్గర అలవాటు. అది చాలదు. లెంటల్ ఎత్తులో అన్ని గోడల మీద, మూలలు తిరిగి, ఎక్కడా తెగకుండా బెల్టు పోయించండి. బేస్‌మెంట్ మీద కూడా అంతే. రాడ్లు మూల దగ్గర ఆగిపోకుండా వంగి పక్క గోడలోకి పోవాలి. పిల్లర్ రింగుల కొసలు లోపలికి వంచాలి. తలుపు, కిటికీ మూలకు కనీసం రెండడుగుల దూరం పెట్టించండి. ఖర్చు కొంచెం పెరుగుతుంది. టైల్స్‌లో తగ్గించుకోండి కానీ ఇక్కడ వద్దు.

నల్లరేగడి నేల అయితే పునాది గట్టి మొరం తగిలేదాకా పోవాలి. రేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది, గోడను కూడా చీలుస్తుంది.

5 లక్షలు బేస్‌మెంట్, గోడలు, స్లాబ్, పూర్తి అని నాలుగు దశల్లో వస్తాయి. బిల్లు తొందరలో నీళ్లు పట్టడం ఆపకండి. కనీసం 10 రోజులు తడి ఉండాలి. నీళ్లకు ఇబ్బంది ఉన్నచోట తడి గోనెసంచులు కప్పండి. స్లాబ్ కింద సెంట్రింగ్ 14 రోజులకు ముందు తీయనివ్వద్దు. కాంక్రీటు పోశాక రాడ్లు కనపడవు, కాబట్టి పోయకముందే హౌసింగ్ ఏఈకి చూపించి ఫొటోలు తీసిపెట్టుకోండి.

ఇల్లు అయ్యేదాకా పాత మట్టి ఇంట్లోనే ఉంటున్నారా? అసలు భయపడాల్సింది దానికే. 2023 జూలైలో మోరంచపల్లిని వాగు ముంచింది, 2024 సెప్టెంబర్ మొదట్లో ఆకేరు పొంగింది. వరద తీసినంక కూడా నానిన గోడ కూలవచ్చు. పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. గీత దాటితే పగులు పెరుగుతున్నట్టే. గోడ ఉబ్బినా, తలుపు ఉన్నట్టుండి పట్టేసినా, పైనుంచి మట్టి రాలుతున్నా ఆ రాత్రి అక్కడ పడుకోవద్దు. ముసలివాళ్లను, పిల్లలను ముందు బయటికి తెచ్చి పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేయండి.