మేలుచేయు సూక్ష్మజీవులకు కవచము

ఏలూరు జిల్లా కొల్లేటి ప్రాంతమున చేపల రైతులు కన్నముల సంచులలో తవుడు నింపి కఱ్ఱలకు గట్టుదురు. అందు ప్రొబయాటిక్కు కలుపువారును గలరు. చచ్చిన జీవులకు వెల యిచ్చుట దండుగయే గదా! బాసిల్లసు జాతి విత్తనమువంటి స్పోరుగా మాఱి వేడికిని, నిలువకును తాళును. లాక్టోబాసిల్లసున కా శక్తి లేదు. మన బొచ్చె, శీలావతులకు ఆమ్లపు జీర్ణాశయము లేకున్నను, పైత్యరసము దానిని బాధించును. కావున సముద్రపు నాచునుండి తీసిన సోడియము ఆల్జినేటు ద్రావణమున దానిని కలిపి, కాల్షియము క్లోరైడు నీటిలో బొట్లుగా విడుతురు. బొట్టు గట్టిపడి పూసయగును. జీవి లోపల నుండును. ఈ కవచమైనను మరుగు వేడికి చాలదు; ఉడికించిన మేత చల్లారిన పిదపనే కలుపవలెను. స్పోరు జాతికి కవచము పేరిట అధికపు వెల యిచ్చుట అనవసరమని మా యభిప్రాయము. సభ్యులు జాతిపేరు, సజీవసంఖ్య, గడువు తేదీ చదివిన పిదపనే కొనవలెను.